గోనెమడత మీద గురి

లోవరాజు భుజం సంగతి ముందు చెప్పుకోవాలి. కథంతా దాని మీదే నడిచింది, చివరికి దాని మీదే కూలబడింది. కాకినాడ పోర్టులో కుర్రతనం నుంచీ బస్తాలు మోసిన కుడి భుజం అది. పని మొదలెట్టే ముందు గోనెసంచి ముక్కను మడతలు పెట్టి చొక్కా కింద మెడ పక్కన సర్దుకోవడం, దాని మీద బస్తా వేయించుకోవడం అక్కడి హమాలీలందరి అలవాటు. గోనెమడత లేకుండా బరువెత్తేవాణ్ని వాళ్ళు మొనగాడు అనరు, తిక్కవెధవ అంటారు. బహ్రెయిన్ విమానం ఎక్కినప్పుడు లోవరాజు పెట్టెలో ఆవకాయ సీసా పక్కన ఆ గోనెముక్క కూడా పెట్టుకున్నాడు.

ఇక్కడ మీనా సల్మాన్‌లో అబూ జాసిం అనే ఆసామి గోడౌనులో పని. లారీ వస్తే దించడం, లారీ వస్తే ఎక్కించడం. గోడౌను వెనక రేకుల గదిలో ఒక్కడే పడుకునేవాడు. రెండేళ్ళకు భార్య లక్ష్మీదుర్గ కూడా వచ్చింది. జుఫైర్‌లో భానుమూర్తి గారని బ్యాంకులో పనిచేసే తెలుగాయన, ఆయన భార్య చాముండేశ్వరమ్మగారి దగ్గర వంటపని. ఆమె దిగిన రోజున ఇద్దరూ ఎంత మురిసిపోయారని! గోడౌను గేటు దగ్గర నిలబడితే ఆమె ఉండే మేడ కనిపిస్తుంది. నడిస్తే అరగంట. పరాయి దేశంలో మొగుడూ పెళ్ళాలూ కనుచూపు మేరలో ఉంటే ఇంకేం కావాలి అనుకున్నారు.

ఏం దగ్గరో ఆ దేవుడికే తెలియాలి. దుర్గకు సెలవు శుక్రవారం మధ్యాహ్నం. లోవరాజుకు అసలు సెలవే లేదు. శుక్రవారం వచ్చిందంటే చాలు, అబూ జాసింకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. తోటలో ఖర్జూరం మట్టలు కొట్టాలి, పడవకు రంగెయ్యాలి, బావమరిది ఇంట్లో సోఫాలు మార్చాలి. దుర్గ డబ్బాలో ఇంత చేపల పులుసు పట్టుకుని నడిచి వచ్చేది, గేటుకి తాళం కనిపిస్తే డబ్బా పట్టుకుని మళ్ళీ నడిచి వెళ్ళిపోయేది. ఏ రెండు నెలలకో ఓసారి అదృష్టం బాగుంటే సముద్రపు గట్టున గంటసేపు పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఇంటికెళ్ళిపోదామంటే ఇల్లు లేదు, తొంభై ఆరు తుఫాను పునాదులతో సహా ఊడ్చుకుపోయింది. దుర్గ అగ్రిమెంటు ఇంకా రెండేళ్ళుంది.

ఇలాంటి రోజుల్లో వెంకటరాజు ఒక కబురు తెచ్చాడు. వెంకటరాజు కూడా కాకినాడవాడే, లోవరాజుకు వరసకు బావ. హిద్ దగ్గర ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్.

"రిగ్గర్లని తీసుకుంటన్నారు బావా. ఓడలో బరువులు కట్టి ఎత్తే పని, నీకు పుట్టుకతో వొచ్చిందే. శుక్రోరం ఖాయంగా సెలవు. కంపెనీ బస్సు జుఫైర్ మీదుగానే ఎల్తాది. దిగి మా సెల్లెమ్మని సూసుకో, సాయంత్రం అదే బస్సెక్కు. ఈ శనోరం పొద్దున్నే పరీచ్చ. చైన్‌బ్లాకు, అదే గొలుసుకప్పీ, తలమీదికి ఎత్తి కొక్కేనికి తగిలించాల, గొలుసు లాగాల, అంతే. నీ కఫీల్ కాడ, అదే నీకు వీసా ఇచ్చిన ఆసామి కాడ, నిన్నొదిలేత్తన్నట్టు రిలీజు కాగితం మాత్రం పట్రా."

ప్రతి శుక్రవారం! ఆ మాట విన్నాక లోవరాజుకు కాలు నిలవలేదు. తిన్నగా అబూ జాసిం దగ్గరకెళ్ళి చేతులు కట్టుకుని అడిగేశాడు. ఆసామి కోప్పడలేదు సరికదా, టీ పోయించాడు. వేటకు కొన్న కొత్త తుపాకీ వైపు చూపించి, వచ్చీరాని హిందీలో అన్నాడు:

"గురువారం రాత్రి నా ఫ్లైటు. ముందు దీన్ని సరిచెయ్యి. నేను కాల్చి చూస్తాను. గుండు సరిగ్గా మధ్యలో తగిలిందా, నీ కాగితం మీద అక్కడే సంతకం పెడతాను. వల్లాహ్, అల్లా మీద ఒట్టు."

ఇక్కడ తుపాకీ సంగతి కొంచెం చెప్పాలి. అబూ జాసిం అంతకుముందు పిట్టల్ని కొట్టేవాడు. పిట్టల తూటాలో చిన్న సీసపు రవ్వలుంటాయి, కాలిస్తే జల్లులా పోతాయి, నాలుగు తగలకపోయినా ఒకటి తగులుతుంది. ఈసారి స్నేహితులతో ఆఫ్రికా వెళ్తున్నాడు, పెద్ద జంతువుల మీదికి. దానికి స్లగ్గు తూటా కావాలి. అందులో రవ్వలుండవు, బొటనవేలంత లావు ఒంటి గుండు ఉంటుంది. ఒక్కటే గుండు కాబట్టి గురి తప్పితే తప్పినట్టే. అందుకే తుపాకీ మీద స్కోపు, అంటే గురి చూసే దుర్బిణీ గొట్టం, బిగించి, కాల్చి చూసుకుంటూ మరలు తిప్పి సరిచెయ్యాలి. ఆ గుండు పోయేటప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను ఉంది చూశారూ, గాడిద తన్నినా అంత ఉండదు. అబూ జాసిం మొదటి తూటాకే కుర్చీలోంచి పడబోయాడు. ఆ తర్వాత నుంచీ తుపాకీ సరిచేసే పని లోవరాజు భుజానికి వచ్చింది. మరలు ఎటు తిప్పితే గుండు ఎటు జరుగుతుందో ఆసామే చూపించాడు. బయటివాడి చేతిలో తుపాకీ పోలీసు కంట పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కానీ దక్షిణాన ఇసుకలో అబూ జాసిం తోట ఉంది, చుట్టూ ఎత్తు గోడ. లోపల ఎవరు చూడొచ్చారు?

బుధవారం పొద్దున్నే ఆసామి అతన్ని తోటలో దింపి, మధ్యాహ్నం వస్తానని వెళ్ళాడు. ఎదర గోడకు పోసిన మట్టిగుట్ట ముందు చెక్కపలక నిలబెట్టి, దాని మీద కాగితం అంటించాడు లోవరాజు. ఇవతల బల్ల, బల్ల మీద ఇసుక సంచులు, వాటి మీద తుపాకీ. నిలబడి కాలిస్తే ఒళ్ళు ఊగుతుంది కాబట్టి తన్ను కాస్త తగ్గుతుంది, కానీ గురి కూడా ఊగుతుంది. మరలు సరిచెయ్యాలంటే కూర్చునే కాల్చాలి. కూర్చున్నవాడికి వెనక్కి పోయే దారి లేదు, తన్నంతా భుజమే మింగాలి.

శనివారం చైన్‌బ్లాకు ఎత్తాల్సిన భుజం ఇది. దీన్ని కాపాడుకోవాలి. లోవరాజు హమాలీ బుర్ర ఏం చెయ్యాలో అదే చేసింది. గోనెముక్క తీసి మందంగా మడిచి చొక్కా కిందికి తోశాడు. తుపాకీ మడమ దాని మీద ఆనించి చూస్తే స్కోపులో చుట్టూ నల్లటి వలయం కనిపించింది, మడత మందానికి కన్ను వెనక్కి జరిగిపోయింది మరి. అదెంత పని! మరలు వదులు చేసి స్కోపును బొటనవేలంత వెనక్కి, తన కంటి దగ్గరికి లాక్కుని మళ్ళీ బిగించాడు.

తర్వాత అంతా పండగే. తుపాకీ పేలింది, మెత్తగా వెనక్కొచ్చింది, గోనె మింగేసింది. మూడు కాల్చాడు, నడిచి వెళ్ళి చూశాడు, గుండ్లు పైకి పడుతున్నాయి. మర కిందికి తిప్పాడు. మళ్ళీ మూడు. మధ్యాహ్నానికి మూడు చిల్లులూ టీ సాసరు కింద కప్పేసేంత దగ్గరగా, సరిగ్గా కాగితం నడిమధ్యన పడ్డాయి. భుజం తడిమి చూసుకున్నాడు. ఒక్క పిసరు నొప్పి లేదు. మడత తీసి సంచిలో పెట్టుకుని, "ఇదిగోనే దుర్గా, నీ శుక్రోరాలు!" అని ఖాళీ తోటలో గట్టిగా అన్నాడు. వెర్రిబాగులవాడు!

గురువారం పొద్దున్న అబూ జాసిం కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు. టైపు చేయించాడు, ముద్ర కొట్టించాడు, సంతకం ఒక్కటే బాకీ. నవ్వుతూ బల్ల దగ్గర కూర్చుని, తుపాకీ భుజానికి ఆనించుకుని, కన్ను స్కోపుకు పెట్టి నొక్కాడు.

పేలుడుతోపాటే కేక కూడా వినిపించింది. తుపాకీ బల్ల మీద పడింది. ఆసామి చేత్తో కన్ను మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం. లోవరాజు పరుగెత్తి తలగుడ్డ అద్ది చూస్తే, అమ్మయ్య, కన్ను బాగానే ఉంది. స్కోపు అంచు వెనక్కొచ్చి కనుబొమ మీద చీరేసింది. పలక దగ్గరకెళ్ళి చూస్తే గుండు మధ్య నుంచి జానెడు కిందికి పడి ఉంది.

అక్కడే, ఆ పలక ముందే, లోవరాజుకు తను చేసిన పని అర్థమైంది. స్కోపును తన కన్నుకు కాదు, గోనెమడత వెనకున్న కన్నుకు దగ్గర చేశాడు. మడత లేనివాడు కూర్చుంటే అది మొహం మీదికి రాక ఏం చేస్తుంది? గుండు సంగతీ అంతే. మెత్తటి గోనె మీద తుపాకీ గుండు ఇంకా గొట్టం దాటకముందే వెనక్కి జారి, మూతి పైకి లేపేది. ఆ లేచినదానికి తగ్గట్టు తను మర కిందికి తిప్పాడు. ఉత్త భుజానికి బిగించి పడితే మూతి అంత లేవదు, గుండు కిందికి పోతుంది. తుపాకీని అబూ జాసింకు కాదు, గోనెసంచికి సరిచేశాడు. అయ్యో, ఎంత పని చేశాన్రా భగవంతుడా అని నెత్తి కొట్టుకున్నాడు.

అబద్ధమాడి ఉంటే ఏమయ్యేదో. కానీ అతనికి అబద్ధం అప్పటికప్పుడు తోచదు. సంచిలోంచి గోనెముక్క తీసి చూపించి ఉన్నదంతా చెప్పేశాడు. ఆసామి కూడా ఒక మడత పెట్టుకుంటే తుపాకీ ఇలాగే సరిపోతుందని కూడా అన్నాడు.

అబూ జాసిం కనుబొమకు గుడ్డ అదుముకుని గోనెముక్క వైపు చూశాడు. "నేను నా స్నేహితుల ముందు భుజం మీద బియ్యం సంచి పెట్టుకుని కూర్చోవాలా? ముహర్రఖ్ ఊరి దాకా నవ్వుతారు." గోనెముక్క తీసి దూరంగా విసిరేశాడు. "ఇది లేకుండా కాల్చు. ఇప్పుడే. నా ముందు. రాత్రికి నా ఫ్లైటు."

లోవరాజు గోనెముక్క పడ్డచోటు వైపు చూశాడు. ఉత్త భుజంతో కాలిస్తే శనివారం ఏమవుతుందో. కాల్చకపోతే కాగితం లేదు, శనివారమే లేదు. నీకు భుజం కావాలా, కాగితం కావాలా అంటే ఏం చెబుతాడు? రెండూ కావాలి. ఒకటి లేకుండా రెండోది దేనికీ పనికిరాదు. కొద్దిగా కాలిస్తే ఏమీ కాదులే అని తనకు తనే సర్దిచెప్పుకుని కూర్చున్నాడు.

స్కోపు ముందుకు జరిపి బిగించాడు. మడమను భుజం గుంటలోకి గట్టిగా లాక్కున్నాడు. తుపాకీకీ ఒంటికీ మధ్య సందుంటే అది దెబ్బ, సందు లేకపోతే అది తోపు, ఆ కిటుకు మొదటి తూటాలకే అతని ఒళ్ళు నేర్చుకుంది. దవడ కట్టెకు అతికించి, ఛాతీ ముందుకు వాల్చి, ఎడమ చేత్తో తుపాకీ ముందుభాగం కిందికి అదిమిపట్టి కాల్చాడు. తోపు కాదు, దెబ్బే. పళ్ళు టకటకలాడాయి. రెండోది, మూడోది. నడిచి వెళ్ళి చూసి మర తిప్పాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఇంతలో అతను ఎదురుచూడని సంగతి ఒకటి జరిగింది. అతని ఒళ్ళు అతని మాట వినడం మానేసింది. వేలు నొక్కబోయే ముందే కన్ను మూసుకుపోతోంది, భుజం వెనక్కి ముడుచుకుపోతోంది. బస్తా ఎంత బరువైనా ఇలా ఎప్పుడూ జరగలేదు. గుండ్లు కాగితం మీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకటి కాగితం దాటి పలక అంచును చీల్చుకుపోయింది. గుండ్లన్నీ ఒకచోట పడితే తప్ప మర ఎటు తిప్పాలో తెలియదు. పడటం లేదు కాబట్టి ఇంకా కాల్చాలి. ఇంకా కాల్చేకొద్దీ ఇంకా బెదురు. అబూ జాసిం వెనక నుంచి "యల్లా రాజూ, యల్లా, కానియ్యి" అంటున్నాడు, తిట్టడంలేదు, నిజానికి ఉత్సాహపరుస్తున్నాడు పాపం.

లోవరాజు లేచి నీళ్ళు తాగాడు. తలుపులమ్మ తల్లిని తలుచుకున్నాడు. దుర్గ డబ్బా పట్టుకుని తాళం వేసిన గేటు ముందు నిలబడటం తలుచుకున్నాడు. కన్ను మూస్తే ఆ గేటు ఇంక తెరుచుకోదురా లోవరాజూ, తెరిచే ఉంచు అని తనను తాను తిట్టుకుంటూ కూర్చుని, వరసగా మూడు కాల్చాడు. మూడోదానికి భుజం లోపల ఏదో టప్పుమని తెగింది. తుపాకీ శబ్దంలో అది ఎవరికీ వినిపించలేదు, అతనికి తప్ప.

మూడు చిల్లులూ ఒకచోటే పడ్డాయి. మర తిప్పాడు, ఎడమ చేత్తో. సరిచూసుకోవడానికి ఇంకొకటి కాల్చాలి. అదీ కాల్చాడు. నడిమధ్యన పడింది.

ఆ తర్వాత అబూ జాసింను కూర్చోబెట్టి, వీపు వెనక నిలబడి ముందుకు వాల్చి పట్టుకుని, "సువై సువై బాబా, మెల్లగా, ఊపిరి వదులు" అంటూ కాల్పించాడు. ఆసామి గుండు కూడా మధ్యకు రెండు వేళ్ళ దూరంలో పడింది. అబూ జాసిం చిన్నపిల్లాడిలా గంతేశాడు. లోవరాజును కౌగిలించుకుని, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టి, కారు బానెట్ మీద కాగితం పరిచి సంతకం చేశాడు. "తుమ్ అచ్ఛా ఆద్మీ, రాజూ. అల్లా నిన్ను చల్లగా చూడాలి. నీ జాగాలోకి రేపే బెంగాలీ వస్తున్నాడు, ఇక్కడి నీ వీసా కొట్టెయ్యమని ఆఫీసువాడికి చెప్పేశాను, ఖలాస్." లోవరాజు కాగితాన్ని ఎడమ చేత్తో అందుకున్నాడు.

శుక్రవారం. ఆసామి ఊళ్ళో లేడు, గేటు తెరిచే ఉంది. లోవరాజే నడిచి జుఫైర్ వెళ్ళాడు. అమృతాంజనం వాసన తెలియకుండా ఒంటికి ఇంత పౌడరు పూసుకున్నాడు. గట్టు మీద దుర్గను తన ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాగితం చూపిస్తే ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది.

"మావా, ఇంక పెతి శుక్రోరం వొత్తావు కదా? ఒట్టెయ్యి. చాముండేశ్వరమ్మగారికి సెప్పేత్తాను, శుక్రోరం మద్దానం నన్ను దేనికీ పిలవద్దని. నీకేం వొండి తేనూ? సొరసేప పిట్టు తేనా? నీకసలు ఏటిష్టమో కూడా మర్సిపోయాను ఎదవ బతుకు."

"నువ్వు తెత్తే గడ్డయినా తింటానే."

"గడ్డే తెత్తాలే!" అని పకపకా నవ్వి, చనువుగా అతని ఎడమ భుజం మీద తల వాల్చింది. చెబుదామనుకున్నాడు. ఆ నవ్వు చూసి నోరు రాలేదు. రాత్రికి తగ్గిపోతుంది, పొద్దుటికి సర్దుకుంటుంది, బస్తాలు మోసిన భుజం దీనికే పోతుందా అనుకున్నాడు.

పొద్దుటికి చెయ్యి గుండె దాటి పైకి లేవడం మానేసింది.

యార్డులో షెడ్డు కింద పరీక్ష. వరసలో చాలామంది ఉన్నారు, మలయాళీలు, పాకిస్తానీలు, మనవాళ్ళు. హరికిరణ్ అని కుర్ర ఇంజనీరు, తెలుగువాడే, చేతిలో పేర్ల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. లోవరాజు పేరు పిలిచారు. చైన్‌బ్లాకు నేల మీద ఉంది. అతను దాన్ని ఎడమ చేత్తో ఎత్తి ఛాతీకి ఆనించుకున్నాడు. తలమీదికి ఎత్తాలంటే రెండో చెయ్యి కావాలి. రెండో చెయ్యి రాలేదు. పళ్ళు బిగబట్టి, మొహం ఎర్రగా కందిపోయేదాకా తోశాడు.

"ఒరే బావా, ఎత్తరా," అని వెంకటరాజు పక్క నుంచి గుసగుసలాడాడు. "ఎత్తు. ఏటైందిరా నీకు? కూతంత ఎత్తు సాలు."

చైన్‌బ్లాకు జారి నేల మీద పడింది. హరికిరణ్ దగ్గరకొచ్చి, కాలర్ కొంచెం పక్కకు జరిపి చూశాడు. భుజం నల్లగా, నీలంగా, మెడ నుంచి చంక దాకా వాచిపోయి ఉంది.

"ఏం జరిగిందండీ?"

లోవరాజు ఏం చెబుతాడు? తుపాకీ అంటే జైలు. "బస్తా పడ్డాది బాబూ. వారంలో తగ్గిపోద్ది. ఒక్క వారం ఆగండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను."

"వారంలో తగ్గేది కాదు ఇది. ఇలాంటివి ఇక్కడ చాలా చూశాను, ఆపరేషన్ చేయించుకోవాలి. నేను ఇంత బరువు మీ చేతికిస్తే కింద ఉన్నవాడు చచ్చిపోతాడు." ఆ అబ్బాయి కఠినంగా అనలేదు. కళ్ళు దించుకుని అన్నాడు. తర్వాతి పేరు పిలిచాడు.

వెంకటరాజు బయటిదాకా వచ్చాడు. ఆసామిని బతిమాలుకో, కాగితం వెనక్కి తీసుకోమను అన్నాడు. ఆసామి ఏ అడవిలో ఉన్నాడో ఎవరికి తెలుసు? గోడౌను ఆఫీసుకు వెళ్తే అక్కడి మనిషి పాస్‌పోర్టు, టికెట్టు చేతిలో పెట్టాడు. వీసా కొట్టేశారట. మంగళవారం ఊరికి ఫ్లైటు. రేకుల గదిలో బెంగాలీ అప్పటికే చాప పరుచుకున్నాడు.

లోవరాజు జుఫైర్ దాకా నడిచాడు. మేడ కింద చెత్త డబ్బా దగ్గర దుర్గ కనిపించింది. అతన్ని చూసి మొహం విప్పారింది.

"ఏం మావా, శుక్రోరం సాల్లేదా? శనోరం కూడానా? వుజ్జోగం వొచ్చేసిందా?"

చెప్పేశాడు. అంతా, గోనెమడత నుంచి మంగళవారం దాకా. దుర్గ వింటూ నిలబడింది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. చెత్త డబ్బా మూత ధన్‌మని వేసింది.

"నన్నోపాలి అడిగేవా? అడిగితే ఏం పోయింది నీకు? రెండు నెల్లకోపాలి కనపడతన్నావు కదా! తాళం ఏసున్న గేటైనా సూసుకుని ఎల్లేదాన్ని కదా! ఆ ఎనక గదిలో నువ్వుంటన్నావనైనా ఉండేది. ఇప్పుడు నేనెవురి గేటు కాడికి ఎల్లాల మావా?"

పైనుంచి చాముండేశ్వరమ్మగారు దుర్గను కేకేశారు, పాలు పొంగుతున్నాయని. దుర్గ వెళ్ళలేదు. అతని కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకెత్తబోయింది. అది లేవలేదు. లోవరాజు నొప్పికి అబ్బా అన్నాడు. ఆమె చేతిని మళ్ళీ జాగ్రత్తగా కిందికి దించింది.

"రెండేళ్ళు," అంది. "రెండేళ్ళకి నేనొచ్చేతలికి నువ్వు కూలికి కూడా పనికిరావు."

అతను అవునన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.